టవర్ తర్వాత, ముందు నేల గీయండి

ఇంట్లో డైనింగ్ టేబుల్‌ను ఐదేళ్లపాటు మీ మోడళ్లకు వదిలేసి, కింద కూర్చుని అన్నం తిన్న అమ్మానాన్నలకు ముందుగా నమస్కారం. ఇక ఆర్కిటెక్టులవుతున్న మీతోనే నాకు పని.

నేను ఈ వృత్తిలోకి వచ్చేనాటికి సైబర్ టవర్స్ కొత్తది. 1998 నవంబరులో ప్రారంభించారు. ఉద్యోగాలు మాదాపూర్‌లో వచ్చాయి. మధ్యతరగతికి అందే ఇళ్లు మాత్రం కూకట్‌పల్లి దాటి నిజాంపేటలో, బాచుపల్లిలో, ప్రగతినగర్‌లో లేచాయి. ఈ మూడూ అప్పటికి గ్రామ పంచాయతీల కింద ఉండేవి. మూడింటినీ కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేసింది 2019లో. అప్పటికే చాలా గల్లీల వెడల్పు ఖాయమైపోయింది, వాటికి రెండు వైపులా అపార్ట్‌మెంట్లు నిలబడిపోయాయి.

నాకు మొదటి ఉద్యోగమిచ్చిన ఆఫీసుకు ఫైలు ఎలా వచ్చేదో చెబుతాను. స్థల యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయిపోయేది. ఎవరికెన్ని ఫ్లాట్లో రాసుకునేవారు. ఎస్ఎఫ్టీ లెక్క తేలాక ఆర్కిటెక్టును పిలిచేవారు. "సార్, తూర్పు ఫేసింగ్ ఎన్ని వస్తాయి?" అన్నది మొదటి ప్రశ్న. "కార్లు ఎన్ని పడతాయి?" అన్నది రెండోది. స్టిల్ట్‌లో కార్లను సర్దాక పిల్లర్లు ఎక్కడ మిగిలితే పైన పడకగది గోడ అక్కడికి వచ్చేది. మనిషి లిఫ్టు ఎక్కాక గానీ లెక్కలోకి వచ్చేవాడు కాదు. ఈ పద్ధతి ఈనాటికీ పోలేదు. నా దిగులంతా దాని గురించే.

ఆర్కిటెక్ట్ ముందు నడవాలంటే స్థలం చేతులు మారకముందే పిలుపు రావాలి. మన దగ్గర దీనికి మంచి అవకాశం ఉంది. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ, అంటే ప్లాటుకు ఎన్ని రెట్లు కట్టొచ్చన్న పరిమితి, లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం ప్లాటు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ కలిసి భవనం ఎంత ఎత్తు లేవొచ్చో చెబుతాయి. ఎత్తు పెరిగేకొద్దీ కింద వదిలే ఖాళీ పెరగాలి. కోట్లు చేసే ఆ ఖాళీని మనం ఎలా గీస్తున్నాం? నాలుగు గీతలు అడ్డంగా కొట్టి, 'సెట్‌బ్యాక్' అని రాసి వదిలేస్తున్నాం. తర్వాత జనరేటరో ట్రాన్స్‌ఫార్మరో వచ్చి అందులో కూర్చుంటుంది.

నిజాంపేటలోనే ఒక అపార్ట్‌మెంటుకు కాంపౌండ్ గోడను నాలుగడుగులు లోపలికి జరిపి, బయట రోడ్డు వైపు ఒక అరుగు, దాని పక్కన కానుగ చెట్టు గీశాను. అమ్ముకునే జాగా అంగుళం కూడా పోదని చూపించినా బిల్డరు ఒప్పుకోలేదు. జనం వచ్చి కూర్చుంటారన్నది ఆయన భయం. జనం కూర్చోవాలన్నదే నా పట్టు. చివరికి స్థల యజమాని తల్లి మాట నెగ్గింది. "మా పాతింటికి అరుగుండె బిడ్డా. గా అరుగు మీదనే నా పెండ్లి మాటలు నడిచినయ్" అందామె. అరుగు నిలిచింది. స్కూలు బస్సు కోసం పిల్లలు, వాళ్లతో వచ్చిన తాతలు అక్కడే కూర్చుంటారు.

దారిన పోయేవాళ్ల గురించి ఆలోచించడం మనకు కొత్త విద్య కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. చార్మినార్ దారిలో పత్తర్‌గట్టీ బజారు ఆ బోర్డు చేతి పనే. వ్యాపారం కోసం కట్టిన వరసే అది. అయినా దుకాణాల ముందు రాతి కమానులు నిలిపి, నడిచేవాళ్లకు నీడ ఇచ్చారు. ఒకసారి ఎండ వేళ వెళ్లి ఆ కమానుల కింద నడవండి.

నేలను పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2016 సెప్టెంబరులో మీరు బళ్లో ఉండి ఉంటారు. నిజాంపేటలోని భండారీ లేఅవుట్ వరద నీళ్లలో మునిగింది, సెల్లార్లు నిండిపోయాయి. మోటార్లు, కరెంటు ప్యానెళ్లు కింద పెట్టిన భవనంలో సెల్లారు మునిగితే పైనున్న ఐదో అంతస్తుకు కూడా నీళ్లుండవు, లిఫ్టుండదు. చెరువుకు ఎఫ్టీఎల్, అంటే నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, ఉంటుంది, దాని చుట్టూ బఫర్ ఉంటుంది: పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాటలు ఆటో నడిపేవాళ్లకూ తెలిశాయి. బుల్‌డోజర్ వచ్చేదాకా ఆగకుండా, డ్రాయింగ్ బోర్డు దగ్గరే ఆ గీతను గౌరవించాల్సింది మనం.

ఇప్పుడు కోప్పడతాను, ఏమనుకోకండి. మీ థీసిస్ ప్రదర్శన చూశాను. స్కై బ్రిడ్జిలున్నాయి, ముప్పయ్యో అంతస్తులో తోటలున్నాయి. చేతులు బాగా తిరిగాయి మీకు, సంతోషం. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాను దగ్గరికి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. చాలా షీట్లలో వాచ్‌మన్‌కు గదే లేదు. ఉన్నచోట మెట్ల కింద, సంపు పక్కన, కిటికీ లేకుండా ఉంది. ఆ గదిలో ఒక సంసారం ఉంటుందర్రా! ఆయన గేటు చూస్తాడు, ఆమె నాలుగు ఫ్లాట్లలో పని చేస్తుంది, పిల్లలు కార్ల మధ్య చాప పరుచుకుని చదువుకుంటారు. నివాస గది ఒక్కటే ఉన్నప్పుడు అది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదంటుంది నేషనల్ బిల్డింగ్ కోడ్. మీ షీట్లలో ఒక్కో కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు ఇచ్చారు. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. కార్లకు రంగులు కూడా ఏరి ఏరి వేశారు కదా, ఆ తల్లికి ఒక కిటికీ గీయడానికి చెయ్యి రాలేదా?

వాచ్‌మన్ గదిని తీసేసి స్టోరు చేయమని ఒకాయన నన్నడిగాడు. సంతకం పెట్టనన్నాను. పని ఇంకొకరికి పోయింది. మీకూ పోతాయి. ఇల్లు గడవడం కష్టమయ్యే నెలలు ఉంటాయి, అది దాచను. అయినా 1972 చట్టం ప్రకారం ఆర్కిటెక్టునని చెప్పుకునే హక్కు, కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు మీవి. ఆ సంతకం పెట్టాలో వద్దో తేల్చేది మీరే.

మీలో కొందరు వచ్చే వారమే ఉద్యోగాల్లో చేరుతున్నారట. మొదటి ఫైలు ఏరియా స్టేట్‌మెంటుతోనే వస్తుంది. చేయండి, బాగా నేర్చుకోండి. డబ్బు లెక్క తెలియని ఆర్కిటెక్టు మాట ఏ బిల్డరూ వినడు. ఏరియా స్టేట్‌మెంటుకు ముందు మాత్రం కాంటూర్ సర్వే అడగండి. లేదంటే వాన పడే రోజు సైటుకు వెళ్లి, మేస్త్రీతో లెవెల్ పైపు పట్టించండి. నీళ్లు ఎటు పోతాయో పక్కింటివాళ్లను అడగండి. ఆ రాత్రే నేల గీయండి: నీటి దారి, చెట్టు, అరుగు, వాచ్‌మన్ ఇల్లు. టవర్ తర్వాత. ఆ షీటు నాకు తీసుకురండి. తిట్టినా సరే, కూర్చోబెట్టి చూస్తాను.