పిలిస్తే పలకని కారు

ఈ వారం కారు తాళం గురించి మాట్లాడుకుందాం. జేబులో ఫోను ఉంటే చాలు, దగ్గరికి వెళ్ళగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుందని కారు అమ్మేవాళ్ళు చెప్తారు. తెరుచుకుంటుంది కూడా. కానీ రెండు చేతులా పాల డబ్బాలూ, కూరగాయల సంచులూ ఉన్న రోజు చూసి మొరాయిస్తుంది. మన డాలస్ చుట్టుపక్కల ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఇళ్ళ ధరలు, పిల్లల చదువుల తర్వాత ఇప్పుడు ఈ మాటే వస్తోంది. నేను చాలా ఏళ్ళుగా వైర్‌లెస్ పరికరాలను పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే రేడియోలో చెప్తే మేలనిపించింది.

మనవాళ్ళు దీన్ని తాళంచెవి అన్నారు. ఎందుకన్నారో గానీ, ఇన్నాళ్ళకి తాళానికి నిజంగానే చెవి వచ్చింది. కారు ఎప్పుడూ చెవి రిక్కించుకుని మీ ఫోను కోసం వింటూ ఉంటుంది. 2017లో వచ్చిన టెస్లా మోడల్ 3 ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. 2020లో ఆపిల్ వాళ్ళు బీఎండబ్ల్యూతో మొదలుపెట్టి ఐఫోనులోనే కారు తాళం పెట్టారు. పైకి అన్నీ ఒకటిగానే కనిపించినా లోపల మూడు రకాలున్నాయి. మొదటిది బ్లూటూత్: సంకేతం ఎంత గట్టిగా వినిపిస్తోందో చూసి మీరెంత దూరంలో ఉన్నారో కారు ఊహిస్తుంది. రెండోది ఎన్‌ఎఫ్‌సీ: ఫోనో కార్డో తలుపు దగ్గర తాకించాలి, నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నా పనిచేయకపోవచ్చు. మూడోది అల్ట్రా వైడ్‌బ్యాండ్: సంకేతం వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కకడుతుంది. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదటి రకానివే. ఊహ కదా, తప్పుతుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే, ఆ నీరు బ్లూటూత్ తరంగాలను మింగేస్తుంది. ఫోను వెనక జేబులో ఉండి, మీరు కారుకి ఎదురుగా నిలబడితే, మీరే అడ్డుగోడ అన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ. పోయిన చలికాలంలో వారానికి ఒకటి రెండుసార్లు ఫోను వచ్చేది: "ఏమండీ, మళ్ళీ తెరుచుకోవడం లేదు" అని. పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన మనిషి, తెల్లవారకముందే, చలిగాలిలో, మనుషులెవరూ లేని పార్కింగులో. కారు కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. వాళ్ళ సర్వీసువాళ్ళని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకటే జవాబు, ఫోను ఆపి మళ్ళీ పెట్టండి అని. అది వైద్యం కాదు, దిష్టి తీయడం.

అప్పుడు ఆవిడతో ఒక చిన్న పుస్తకంలో రాయించాను: ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు లేదు, ఫోను ఎక్కడుంది, ఛార్జి ఎంతుంది. మూడు వారాలు తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. వచ్చినవన్నీ డ్యూటీ దిగేటప్పుడే, అదీ ఛార్జి అడుగంటిన రోజుల్లోనే. ఆవిడ ఆండ్రాయిడ్ ఫోను ఛార్జి తగ్గగానే పొదుపు పద్ధతిలోకి వెళ్ళి, వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చేది. కారు యాప్ కూడా వాటితోపాటే నిద్రపోయేది. కారు పిలుస్తూనే ఉంది, పలికేవాళ్ళు లేరు. సెట్టింగ్స్‌లో ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ విషయంలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టాం, విరామంలో పది నిమిషాలు ఛార్జి పెట్టుకోమన్నాను. ఆ తర్వాత ఆ ఫోనుకాల్ రాలేదు.

ఐఫోనువాళ్ళ కథ వేరు. చాలామందికి యాప్‌లన్నిటినీ వేలితో పైకి తోసి మూసేసే అలవాటుంది, ఇల్లు ఊడ్చినట్టు. కారు కంపెనీ యాప్ మీద నడిచే తాళమైతే, అలా తోసేస్తే తాళంచెవిని పారేసినట్టే. దాన్ని ముట్టుకోకండి. లొకేషన్ అనుమతి 'ఆల్వేస్' అని ఉందో లేదో చూడండి. ఇంకొకటి, తెర మీద నుంచి కిందికి లాగితే వచ్చే పలకలో బ్లూటూత్ గుర్తు నొక్కితే, బ్లూటూత్ పూర్తిగా ఆగదు, కానీ పరికరాలతో సంబంధం తెల్లవారేదాకా తెగిపోతుంది. రాత్రి పిల్లవాడు ఆటలో ఆ గుర్తు నొక్కాడనుకోండి, మీకు కారణం అంతుపట్టదు. ఫోను ఆగి మళ్ళీ మొదలైతే ఒకసారి పాస్‌కోడ్ కొట్టి యాప్ తెరవడం మంచిది. రాత్రిపూట ఫోను తనంతట తానే అప్‌డేట్ అయిన మర్నాడు పొద్దున వచ్చే చిక్కుల్లో ఇదొకటి.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది, ఇంటి దగ్గరే చేయండి, కార్డు చేతిలో పెట్టుకుని. ఫోనులో విమానం గుర్తు నొక్కండి. ఇంటర్నెట్టు ఆగుతుంది. తర్వాత బ్లూటూత్ ఒక్కటే వెయ్యండి. దూరంగా వెళ్ళి, తిరిగి కారు దగ్గరికి రండి. తెరుచుకుంటే బ్లూటూత్ బాగున్నట్టే. తెరుచుకోకపోతే, ఇన్నాళ్ళూ మీరు యాప్‌లో మీట నొక్కి, ఇంటర్నెట్టు ద్వారా తెరుస్తూ, అంతా బాగుందనుకుంటున్నారన్నమాట. అలాంటివాళ్ళకి దెబ్బ తగిలేది భూగర్భ పార్కింగుల్లో, సిగ్నలు అందని పార్కుల్లో. పరీక్ష చేసేటప్పుడు ఒక్కొక్క మార్పే చెయ్యండి. కేసు తీసేసి, జేబు మార్చి, యాప్ పీకేసి, అన్నీ ఒక్కసారే చేస్తే ఏది కుదిర్చిందో బ్రహ్మకి కూడా తెలియదు.

కార్డు విషయం మళ్ళీ చెప్తాను. కొందరు కారుతో వచ్చిన కార్డుని ఇంట్లో సొరుగులో భద్రంగా దాచారు. అది మీ ఒంటిమీద ఉండాలి. మా ఆవిడ ఆసుపత్రి బ్యాడ్జి వెనకే పెట్టుకుంది, కానీ అక్కడా ఒక మెలిక: బ్యాడ్జిలోనూ ఇలాంటి చిప్పే ఉంది, రెండూ కలిపి తాకిస్తే ఒకటి ఇంకొకదానికి అడ్డు తగులుతుంది. విడదీసి తాకించాలి. ఐఫోనులోని వాలెట్ తాళమైతే, కొన్ని మోడళ్ళలో ఛార్జి అయిపోయాక కూడా 5 గంటలదాకా తాకించి తెరవవచ్చు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ గురించి. కొన్ని కార్లు మీరు ఫోనుతో దూరం వెళ్ళగానే తాళం వేసేసుకుంటాయి. మా అత్తగారిని కార్లో కూర్చోబెట్టి కూరల కొట్టుకి వెళ్ళేటప్పుడు, లోపలి నుంచి తలుపు ఎలా తీయాలో ఆవిడ చేతే తీయించి చూపించాను. "ఏం తలుపు బాబూ, పిడి లేదు, గడియ లేదు" అంది. మీట నొక్కితే తెరుచుకునే తలుపులకి, కరెంటు పోతే చేత్తో లాగే పిడి సాధారణంగా వేరే ఉంటుంది, కానీ అన్ని కార్లలో అన్ని తలుపులకీ ఉండకపోవచ్చు. వెనక తలుపులకి అది కొన్ని కార్లలో మూత కిందో, జేబు అడుగునో దాగి ఉంటుంది. మీ కారు పుస్తకంలో ఆ పేజీ ఈ రాత్రే చూడండి.

ఎందుకంటే తాళం వినే చెవికి బలం 12 వోల్టుల చిన్న బ్యాటరీ నుంచి వస్తుంది. విద్యుత్ కార్లలోనూ చాలావాటికి ఇదే. అది పోతే ఫోనూ పనిచేయదు, కార్డూ పనిచేయదు. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 నాటి టెస్లా మోడల్ వై కార్ల తలుపు పిడులపై విచారణ మొదలుపెట్టింది. తలుపులు తెరుచుకోక, లోపలున్న పిల్లలను బయటికి తీయడానికి కొందరు తల్లిదండ్రులు అద్దాలు పగలగొట్టారు. ఈ దేశంలో వేడెక్కిన కార్లలో చనిపోయే పిల్లలు ఏటా సగటున 35 మందికి పైనే. టెక్సాస్ ఎండలో పసివాడు లోపల చిక్కుకుంటే యాప్‌తో కుస్తీ పట్టకండి. వెంటనే 911కి ఫోను చెయ్యండి, పిల్లవాడు వాడిపోతుంటే వాడికి దూరంగా ఉన్న అద్దం పగలగొట్టండి.

దొంగల భయం గురించి ఒక్క ముక్క. 2022లో ఎన్‌సీసీ గ్రూప్ పరిశోధకులు, దూరంగా ఉన్న ఫోను బ్లూటూత్ సంకేతాన్ని మోసుకొచ్చి టెస్లా కారు తెరిచి చూపించారు. కారు నడపడానికి అంకెల గుర్తు అడిగే ఏర్పాటు మీ కారులో ఉంటే పెట్టుకోండి. ఫోను మార్చినా, కారు అమ్మినా పాత తాళాలను కారు జాబితాలోంచి తీసేయండి. సెలవుల్లో కారు వాడుకున్న మీ బావమరిది ఫోను కూడా ఆ జాబితాలో ఉంటుంది, చూసుకోండి.

మీ కారు ఏ సమయంలో మొరాయిస్తోందో రెండు వారాలు రాసిపెట్టి మన కార్యక్రమానికి పంపండి, చదివి జవాబు చెప్తాను.