పిల్లి తపస్సు – ఎలుకల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

   

నేను పండితుడను గాను. జమాఖర్చులు వ్రాసికొని బ్రదుకువాడను. తీరిక వేళల భారత భాగవతములు చదువుకొన్నంత మాత్రముననే కార్యదర్శిగారు నన్నీ వేదిక మీదికి పిలిచినారు. పైకి మధుర భాషణము, లోన శిష్యపీడనము గల గురువేషధారులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాను. ముందుగా ఒక మనవి. గురువు పూజ్యుడు; అందు సందేహము లేదు. మంచి నాణెము చెల్లుబడిలో నుండుటచేతనే దొంగనాణెము పుట్టుచున్నది. దొంగనాణెమును ఏరివేయుట టంకశాలకు అవమానము కాదు.

భారతమున ఉద్యోగపర్వములో ఒక పిల్లి కథ కలదు. ఆ పిల్లి గంగాతీరమున చేతులు పైకెత్తి తపస్సు చేయుచుండెను. కొంతకాలమునకు పక్షులు దానిని నమ్మినవి. పిదప ఎలుకలు వచ్చి, తమ్ము రక్షింపుమని వేడుకొన్నవి. పిల్లి సరేయని, తపస్సుచే డస్సియున్నాను గావున ప్రతిదినము మీరే నన్ను ఏటి యొడ్డునకు చేర్పవలయునని నియమము పెట్టినది. ఎలుకలు తమ మృత్యువును తామే మోసినవి. పిల్లి నానాటికి బలిసినది. ఎలుకల సంఖ్య నానాటికి తగ్గినది. తుదకొక ముసలి ఎలుక లెక్క చూచినది. కందమూలములు తినువాని మలమున వెండ్రుకలేల యుండవలెను? అంతటితో ఆ తపస్సు ముగిసినది.

ఇందు మరియొక విశేషము కలదు. ఈ కథ చెప్పి పంపినవాడు దుర్యోధనుడు. పిల్లితో పోల్పబడినవాడు ధర్మరాజు. అనగా కపటి యను నింద నిర్దోషి మీదను వేయవచ్చును. కావున ఒట్టి నిందను నమ్మరాదు. ఒట్టి కీర్తినిని నమ్మరాదు. లెక్క చూడవలెను.

అట్లు లెక్క చూచినవారు మన దేశమున లేకపోలేదు. బొంబాయిలో కర్సన్‌దాస్ ముల్జీ యను పత్రికా సంపాదకుడు, తన వైష్ణవ సంప్రదాయమునకే చెందిన మహారాజులు భక్తుల ఇండ్ల స్త్రీల యెడ నడచుకొను తీరును 1860లో బహిరంగముగా ఖండించెను. ఒక మహారాజు ఆయనపై 50,000 రూపాయలకు పరువునష్టపు దావా వేసెను. 1862లో న్యాయస్థానము సంపాదకుని పక్షముననే తీర్పు చెప్పినది. ఆయన మతమును విడువలేదు; మతము మాటున జరుగు అకృత్యమును విడిచిపెట్టలేదు.

మన కాలమునకు వత్తము. హర్యానాలోని సిర్సా డేరాకు చెందిన యొక సాధ్వి, 2002లో పేరు వ్రాయకయే ప్రధానమంత్రికి లేఖ పంపినది. ఆ లేఖను ప్రకటించిన పత్రికా సంపాదకుడు రామచందర్ ఛత్రపతి ఆ యేడే తుపాకి గుండ్లకు గురియై మరణించెను. గుర్మీత్ రామ్ రహీమ్‌కు ఇద్దరు శిష్యురాండ్రపై అత్యాచారము చేసిన నేరమునకు ఇరువది యేండ్ల శిక్ష పడినది 2017 ఆగస్టులో. పదునైదేండ్లు! తీర్పునాడు చెలరేగిన అల్లరులలో 30 మందికి పైగా మరణించిరి. ఆశారాం బాపునకు 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ న్యాయస్థానము యావజ్జీవ శిక్ష విధించినది. బాధితురాలు భక్తుల ఇంటి బాలిక. ఆమెకు దయ్యము పట్టినదని చెప్పి, వదలించు నెపమున ఆశ్రమమునకు రప్పించిరి. లేని రోగమును కల్పించినవారే దానికి మందిత్తుమనిరి. పంజాబులో ప్రవక్తనని చెప్పుకొన్న పాస్టరు బజీందర్ సింగ్‌నకును 2025 ఏప్రిల్‌లో యావజ్జీవమే. పాపము ఏ యొక్క మతము సొత్తును కాదు.

తెలుగునాట సంగతి యేమి? విశాఖపట్నమున 2023 జూన్‌లో ఒక ఆశ్రమాధిపతిని, బాలికను చెరచెనను ఆరోపణపై పోలీసులు అరెస్టు చేసిరి. వరదయ్యపాలెమున కల్కి భగవాన్ ఆశ్రమమునకు సంబంధించిన చోట్ల 2019 అక్టోబరులో ఆదాయపు పన్ను శాఖవారు సోదా చేసిరి. 43.9 కోట్ల రూపాయల నగదును, సుమారు 88 కిలోల బంగారమును దొరికినవనియు, లెక్కకెక్కని ఆదాయము 500 కోట్లకు మించుననియు ప్రకటించిరి. ఇది న్యాయస్థానపు శిక్ష కాదు, సోదా ఫలితము మాత్రమే. అయినను దర్శనమునకు రుసుము చెల్లించిన పేదవాడు ఆ యంకెలను ఒకమారు చదువవలెను.

వీరి మార్గము ఇంచుమించు ఒక్కటే. మొదట చెవికింపైన మాట. పిదప మన యింటి కష్టము అడిగి తెలిసికొనుట. ఆ మీదట తల్లిదండ్రుల మాటకన్న గురువాజ్ఞ గొప్పదని నేర్పుట. అటుపిమ్మట ఎవ్వరితోను చెప్పవద్దను కట్టడి. చివరకు శాపభయము. ఈ మెట్లు దిగినవారికి బయటి తలుపు కనబడదు. ఏ బాలికయో సాహసించి నోరు విప్పినచో, అంత మహానుభావుని మీదనా యని ఊరే ఆమె నోరు మూయును. పిల్లికి ఎలుకలే కాపలా కాయుట యనగా నిదియే.

కావున నాలుగు ప్రశ్నలు మనవి చేయుచున్నాను. వచ్చిన ధనమునకు లెక్క చూపునా? ప్రశ్నించినవానిని సహించునా? స్త్రీలను, పిల్లలను ఏకాంతమునకు పిలుచునా? ఆయనను విడిచి వచ్చినవారు నిర్భయముగా నున్నారా? పిల్లలకు హాని జరిగినదని తెలిసియు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. ఫోనులో 1098 నొక్కినచో బాలల సహాయకులు పలుకుదురు. తల్లులారా! పిల్ల చెప్పినప్పుడు ముందుగా వినుడు. పరువు సంగతి తరువాత చూచుకొందము.

మేడ్చల్ రహదారి పొడుగునను నేడు ఏ స్తంభము చూచినను ఏదో యొక దివ్యదర్శనపు ప్రకటన కనబడుచున్నది. ఈ గ్రంథాలయమున సైతము గురువులున్నారు. బీరువాలలో మౌనముగా నిలిచియున్నారు. వారు పాదపూజ కోరరు, ఏకాంతమునకు పిలువరు. నచ్చకున్న మూసివేయవచ్చును, తప్పనిపించిన అంచున వ్రాయకుండ మరియొక గ్రంథముతో సరిచూచుకొనవచ్చును. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము జమాఖర్చులను యేటేట సభ ముందుంచుచున్నది. ఎవరైనను లేచి అడుగవచ్చును. ఈ పద్ధతిని మన యింటికి, మన గుడికి, మన మఠమునకు గూడ తీసికొని పోవుదము.