బిల్లు మూడవ ప్రతి

మేము పన్నుల పండితులము కాము, లెక్కలు చెప్పువారము. ఊరగాయలు, అప్పడములు చేసి అమ్ముచు పిల్లలను చదివించువారు మీలో కొందరున్నారు గనుక ఈ నాలుగు మాటలు.

2017 జూన్ 30 వరకు ఎక్సైజు సుంకము సరకు కర్మాగారపు గడప దాటగానే పడెడిది. చిన్న తయారీదారులకు ఏడాదికి కోటిన్నర వరకు మినహాయింపుండెడిది. మరునాడు దాని స్థానమున జి.ఎస్.టి. వచ్చినది.

ఇచ్చటనే మా పూర్వవిద్యార్థి యొకడు పొరపడినాడు. అప్పడములకు పన్ను లేదు, ఊరగాయల అమ్మకము 40 లక్షలు దాటలేదు, నమోదు అక్కరలేదనుకొన్నాడు. పన్నులేని అప్పడములను గూడ కలిపియే ఆ 40 లక్షలు చూడవలెను! అంతకు మునుపే, బళ్ళారినుండి గుంతకల్లు అంగడికి పంపిన తొలి పెట్టెతోనే నమోదు తప్పనిసరి యైనది. మనకది పొరుగూరు, చట్టమునకు పరరాష్ట్రము. కొన్నవారివద్ద వసూలు చేయని పన్నును వడ్డీతో తానే కట్టినాడు. ఆ యేడు కూతురి కళాశాల రుసుమునకు అప్పు చేసినాడు.

సరకు బిల్లు మూడు ప్రతులు: కొన్నవారికి, లారీవారికి, మనకు. వరుససంఖ్య తప్పరాదు. అతడిప్పుడు నెలనెలా మూడవ ప్రతులను మా పదవ తరగతికి కూడికలకై తెచ్చుచున్నాడు. మొన్న ఒక బాలిక రెండు తప్పులు పట్టినది.