దండెం మీది తునకలు

1889లో మన దేశానికి వచ్చి నల్లగొండలో సేవచేసిన అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు రష్యా మెన్నొనైట్. ఆ సంఘస్థుల పితరులు పోలండులోని విస్తులా నదీతీరం నుండి వెళ్లినవారు. చలికాలమందు బంధువులంతా కూడి పందిని కోసి, పేగులలో మాంసం కూరి, పొగబెట్టి దాచుకొనేవారు. మన పాలమూరు అవ్వలు మాంసాన్ని పొడుగ్గా చీరి, ఉప్పు పసుపు రాసి దండెం మీద ఆరవేసి, కాకులను తోలుతూ కూర్చోలేదా? ఆ తునకలు గోంగూరతో ఉడికితే వాడంతా వాసనే! వారిది గొప్ప, మనది సిగ్గా? పట్నంలో అద్దె ఇల్లు పోతుందని కిటికీలు మూసి వండుకొనే బిడ్డలు నాకు తెలుసు. యొప్పేలో దర్శనం చూచిన పేతురు కొర్నేలీ ఇంట దిగి వారితో భోజనం చేశాడు. యెరూషలేములో దానికే ఆయనను నిలదీశారు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం ఈ రాత్రి ఇంటిల్లిపాదీ చదవండి.