చెరువు మన్నును, మన కర్తవ్యమును
(ఛత్రినాక వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



వాడుకయందు మితమును, ప్రకృతియెడ గౌరవమును గూర్చి కొన్ని మాటలు విన్నవించుచున్నాము. కుమ్మరి కులమున జన్మించిన మనకు ఇది పరులు నేర్పవలసిన విద్య కాదు. మన సారెకు మూలము చెరువు మన్ను. వేసవిలో నీరింకినప్పుడు పెద్దలు పూడిన మన్నును త్రవ్వి తెచ్చెడివారు. దానివలన మనకు జీవనమును, చెరువునకు లోతును గలిగెడివి. తీసికొనుటయే మేలుచేయుటగా నుండిన యీ పద్ధతియే మన కులధర్మము.

చెరువు చెడినచో మన్ను మాత్రమే చెడదు, ఊరును మునుగును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. తరువాత వరదల నరికట్టుటకై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మింపబడెను. అయినను 2020 అక్టోబరులో బాలాపూరు గుర్రంచెరువు కట్ట తెగెను; ఆ వరదలలో ఛత్రినాక, ఉప్పుగూడ మొదలగు వాడలు జలమయమయ్యెను. వాన యధికమగుట నిజమే. కాని నీటిదారిపై ఇండ్లు లేచి, నాలాలలో చెత్త నిండినచో నీరు మరి యెటు పోగలదు?

ఆ చెత్తలో విందుల వంతు కొంచెము కాదు. ఒక్క పూట వాడిన ప్లాస్టిక్ గ్లాసు తరములు గడచినను మన్నులో కలియదు. 2022 జూలై 1 నుండి అట్టి గ్లాసులు, పళ్లెములు దేశమంతట నిషిద్ధములు. అయినను శాసనమొక్కటి చాలదు; ఆచారము తోడు కావలెను. మోదుగాకు విస్తరి కుళ్లి ఎరువగును. మట్టిముంత పగిలినను నేలకు విషము కాదు. ఆషాఢమున లాల్‌దర్వాజ అమ్మవారికి బోనము సమర్పించుటకు తగిన పాత్ర మన యతిథికి తక్కువ యగునా? 2022లో ఖైరతాబాదు గణపతినే 50 అడుగుల ఎత్తున మట్టితో మలచిరి; మన వాడ విగ్రహమునకు మట్టి చాలదా?

కావున సభవారికి మా మనవి యిది. సంఘ విందులందు విస్తరులు, మట్టిముంతలే వాడవలెను. అడిగి వడ్డింపవలెను, మిగిలిన యన్నము ఆకలిగొన్నవారికి చేరవలెను. వినాయకుని రంగులు లేని మట్టితోనే చేయించవలెను. పోషక మహాశయులు తమ శుభకార్యములకు కావలసిన పాత్రలను మన పనివారియొద్ద తగిన వెలకు కొనవలెను. దీనివలన సారె నిలుచును, నాలా శుభ్రపడును.

చెరువు బ్రతికినంతకాలమే మన వృత్తి బ్రతుకును. ఈ మాటను ఇంటింటికి గొనిపోవుదురని నమ్మి, సెలవు గైకొనుచున్నాము.