దూరదర్శనమున సత్యాన్వేషి



అపరాధ పరిశోధన కథ యనగానే మన పెద్దలలో ననేకులు మొగము చిట్లింతురు. హత్యలు, దొంగతనములు, మారువేషములు చూచి పిల్లలేమి బాగుపడుదురని వారి ప్రశ్న. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నేను బడిలో చిరకాలము తెలుగు పాఠము చెప్పినవాడను. గురుముఖమున కొంత తర్కము చదివినవాడను. అయినను ఈ కథలనిన నాకు మక్కువ. వానిని దూరదర్శనమున చూచిన పిమ్మట ఆ మక్కువ యినుమడించినది. అందులకు గల హేతువును ఈ దినము మీకు మనవి చేసికొందును.

ఈ జాతి కథలు మనకు క్రొత్తవి కావు. కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును ఎరుగని చదువరి మా తరమున అరుదు. అద్దె పుస్తకముల దుకాణములలో ఆ నవలలు చేతులు మారి మారి అట్టలూడిపోయెడివి. అంతకు ఎంతో పూర్వమే మన పల్లెలలో మర్యాద రామన్న తీర్పుల కథలు చెప్పుకొనెడివారు. వాది ప్రతివాదుల మాటలనే నమ్మక, వారి నడతను కనిపెట్టి నిజము తేల్చుట ఆ కథల పద్ధతి. కావున విత్తనము మన నేలలోనే యున్నది.

వంగదేశమున శరదిందు బందోపాధ్యాయుడను రచయిత యుండెను. ఆయన 1899లో జన్మించి 1970లో కాలధర్మము నొందెను. 1932 ప్రాంతమున ఆయన వ్యోమకేశ బక్షీ యను పాత్రను సృష్టించెను. ఈ వ్యోమకేశునకు డిటెక్టివు అను పేరు గిట్టదు. తాను ‘సత్యాన్వేషి’ నని చెప్పుకొనును. అపరాధిని పట్టువాడనని కాదు, సత్యమును వెదకువాడనని అతని భావము. ఆ యొక్క మాటతోనే నాకు ఆ పాత్రపై గౌరవము కలిగినది.

బాసు ఛటర్జీగారు ఈ కథలను హిందీలో ధారావాహికముగా తీయగా, 1993లో దూరదర్శన్ ప్రసారము చేసినది. రజిత్ కపూర్ వ్యోమకేశుడుగాను, కే. కే. రైనా అతని మిత్రుడగు అజితుడుగాను నటించిరి. 2020లో కరోనా వ్యాధి వలన జనులందరు ఇండ్లు కదలకుండ నున్న దినములలో దానిని మరల ప్రసారము చేసిరి. మా సీమలో తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ వీధిలో వినబడుచునే యుండును గనుక, హిందీ సంభాషణము మాకంత కొరుకుడు పడనిది కాలేదు. అందు ఆర్భాటము లేదు. ధోవతి కట్టిన యొక గృహస్థు, ఒక మిత్రుడు, వార్తాపత్రిక, తేనీరు. వీనితోనే కథ నడచును. చూచువాని కంటికి పని తక్కువ, బుద్ధికి పని యెక్కువ.

అందొక కథ పేరునకు ‘దారిలోని ముల్లు’ అని యర్థము. కలకత్తా వీధులలో నడచిపోవు ధనికులు ఉన్నట్టుండి కూలి మరణింతురు. వారి గుండెలో గ్రామఫోను సూది దొరకును. తుపాకి ధ్వని యెవ్వరును వినలేదు. ఒకనికి మాత్రము రొమ్ముమీది జేబు గడియారము అడ్డుపడి ప్రాణము నిలిచినది. ఆ సమయమున ఏమి వింటివని వ్యోమకేశుడు అతనిని గ్రుచ్చి గ్రుచ్చి యడుగును. సైకిలు గంట మ్రోగినదని అతడు జ్ఞాపకము తెచ్చుకొనును. వీధిలో సైకిలు గంట మ్రోగుట వింతయా? అందరును వినిరి, ఎవ్వరును లెక్కింపలేదు. సూదిని విసరు యంత్రము ఆ గంటలోనే యున్నది.

ఇది చూచినపుడు నాకు మన అవధానములు స్ఫురించినవి. విద్వద్గద్వాల యని పేరొందిన గద్వాల సంస్థానమును, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములను తిరుపతి వేంకటకవులు దర్శించి యుండిరి. అవధానమున పృచ్ఛకులు నలుప్రక్కల నుండి సమస్యలు, దత్తపదులు ఇచ్చుచుండగా, నడుమ నొకడు గంట మ్రోగించుచుండును. అవధాని పద్యములు చెప్పుచునే గంటలను లెక్కించి, తుదకు సంఖ్య చెప్పవలెను. సభలోనివారందరికి వినబడు గంటయే అది. లెక్క యుండునది అవధాని కొక్కనికే. సత్యాన్వేషి చేయు పనియు నట్టిదే గదా!

ఇక రెండవ దృష్టాంతము. ఇంగ్లండులో ఆర్థర్ కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్సు కథలను 1887 మొదలుకొని ప్రకటించెను. 1890 నాటి నవలలో హోమ్సు, మిత్రుడగు వాట్సను ఇచ్చిన జేబు గడియారమును పరీక్షించును. తాళపుచెవి దూర్చు రంధ్రము చుట్టును గీతలున్నవి. కావున దాని పూర్వపు యజమాని త్రాగుబోతు, రాత్రివేళ వణకు చేతితో చావి యిచ్చుచుండెడివాడు అని చెప్పును. 2010లో బీ.బీ.సీ. వారు ఈ కథలను నేటి కాలమునకు మార్చి తీసిరి. అందు గడియారమునకు బదులు మొబైలు ఫోను. చావి రంధ్రమునకు బదులు చార్జింగు తీగ గ్రుచ్చు చోటు. గీతలు అవియే, వణకు చేయి అదియే. వస్తువు మారినది, వ్యాప్తి మారలేదు.

ఆ సన్నివేశముననే యొక చమత్కారము చేసిరి. ఫోనుపై చెక్కిన హ్యారీ యను పేరు చూచి, అది వాట్సను అన్నదమ్ములలో నొకనిదని హోమ్సు నిశ్చయించును. నిజమునకు హ్యారీ అతని తోబుట్టువగు స్త్రీ! అంత మేధావియు ఆ యొక్క మెట్టున జారెను. ఏల? ఆ పేరు గలవారందరు పురుషులేయను నియమము లేదు గనుక.

మన తర్కశాస్త్రము ఈ సంగతినే విధించి చెప్పినది. కొండపై పొగ యున్నది, కావున నిప్పున్నది యనుట సరియైన అనుమానము. నిప్పున్నది, కావున పొగ యున్నదనుట దోషము. ఏలయనగా కాలిన యినుప గుండునందు నిప్పున్నను పొగ లేదు. పొగ పుట్టుటకు పచ్చికట్టె తోడు కావలెను. ఈ రెండు వాక్యములకు గల భేదము బాలురకు ఆటగా తోచవచ్చును. కాని యొక్కొక్కప్పుడు మనుష్యుని ప్రాణము ఆ భేదముపైననే వ్రేలాడుచుండును.

2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనుల ద్వారా వదంతి వ్యాపించినది. ఆ యేడు దేశమున పలుచోట్ల నిరపరాధులు మూకల చేతిలో హతులైరి. క్రొత్తవాడు, వేరొక భాష మాటలాడుచున్నాడు, కావున పిల్లల దొంగ యని ఆ మూకల తర్కము. నిప్పును చూచి పొగను ఊహించుట యిదియే. దొంగ క్రొత్తవాడై యుండవచ్చును. క్రొత్తవాడెల్ల దొంగ యగునా? మన యెడ్లు కొనవచ్చినవాడు, భిక్షకు వచ్చినవాడు, దారి తప్పినవాడు, అందరును క్రొత్తవారే గదా!

ఆ వదంతి 2016లో ఏర్పడిన మన జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకును వచ్చినది. వేసవిలో ఆరుబయట పరుండు పల్లెజనులు తలుపులు బిగించుకొని లోపల పరుండుటను పోలీసులు కనిపెట్టిరి. లేని మంచములే వారికి సాక్ష్యము చెప్పినవి. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు కానిస్టేబుళ్ళను ఊరూరికి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వార్తలు అసత్యములని నచ్చజెప్పించిరి. ఆ జిల్లాలలో ఆ వదంతి వలన ఒక్క ప్రాణమును పోలేదు. ఇది కథ కాదు. మన కన్నుల యెదుట జరిగిన సత్యాన్వేషణము.

కావున పెద్దలకు నా విన్నపము. ఇట్టి ధారావాహికములను మనుమలతో కూడి చూడుడు. ఏది దోషియో చెప్పుమని వారి నడుగవలదు. ఏ హేతువు చేత అట్లు తలచితివని యడుగుడు. హేతువు చాలకున్న, చాలదని నెమ్మదిగా చెప్పుడు. తెరపైని కథలో తప్పుగా అనుమానింపబడినవాడు చివర నవ్వుచు ఇంటికి పోవును. ఊరిలో అట్టివాడు పోలేకపోవచ్చును. రేపు మీ రచ్చకట్ట యొద్ద ఎవనిపైనైన నింద వచ్చినపుడు, ‘పొగ చూచితివా, పొగ కలదని వింటివా?’ అని యొక్క ముసలివాడు అడిగిన చాలును. ఆ ప్రశ్న అడుగు అధికారము మన నెరసిన తలలకు కలదు. అడుగవలసిన భారమును మనదే.