గుడి కట్టి, గురువుకు ఊరు రాసిచ్చిన చోట
(వేములవాడలో చేసిన స్మారకోపన్యాసం)



ఏ వైద్యుడి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన్ను మీరంతా ‘సారు’ అనే పిలిచేవారు. ఆయన ఏ వైద్య కళాశాలలోనూ ఉద్యోగం చేయలేదు. అయినా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఈ సభలో చాలామంది కనబడుతున్నారు. కాంపౌండరుగా చేరి నాడి పట్టడం నేర్చుకున్నవాళ్లున్నారు, సెలవులకు ఊరికొచ్చిన మెడికల్ విద్యార్థులుగా ఆయన పక్కన కూర్చుని రోగిని చూడటం నేర్చుకున్నవాళ్లున్నారు. విషయం మీ ఇష్టమని నిర్వాహకులు అన్నప్పుడు నాకు తట్టింది ఇదే. వైద్యం నేర్పేవాళ్లను మనం ఎట్లా తయారు చేసుకుంటున్నాం? వాళ్లను ముందుండి నడిపించేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

జవాబును ఈ ఊరి చరిత్రలోనే వెతుకుదాం. దీని పాత పేర్లలో లేంబుళపాటకం ఒకటి. క్రీ.శ. 966 నాటి పర్భణి తామ్ర శాసనంలో ఆ పేరు కనిపిస్తుంది. వేములవాడ చాళుక్య ప్రభువు బద్దెగుడు ఇక్కడ శుభధామ జినాలయం కట్టించాడు. ఆయన కొడుకు మూడో అరికేసరి ఆ జినాలయం నడవడానికి ఒక గ్రామాన్ని దానమిచ్చి, ఆ దానాన్ని సోమదేవసూరి చేతుల్లో పెట్టాడు. యశస్తిలక చంపువు, నీతివాక్యామృతం రాసిన సోమదేవసూరి ఈయనే. తండ్రి కట్టడం కట్టాడు, కొడుకు దాన్ని నడిపే గురువుకు ఆధారం చూపించాడు. మన జిల్లాల్లో వైద్య విద్యకు సంబంధించి తండ్రి చేసిన పని ముగిసింది. కొడుకు చేసిన పని ఇంకా మన ముందే ఉంది.

ఎందుకంటున్నానో చెబుతాను. ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలు రెంటినీ కలిపి చూస్తే, 2021 దాకా ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాల ఒక్కటే. అది 2008లో మొదలైన ఆదిలాబాద్ రిమ్స్. కరీంనగర్‌లో చల్మెడ, ప్రతిమ అనే రెండు ప్రైవేటు కళాశాలలుండేవి. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల వచ్చాయి. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ వచ్చాయి. రెండేళ్లలో ఒకటి ఎనిమిదైంది. రాష్ట్రం మొత్తం మీద 2014 నాటికి ఐదు ప్రభుత్వ కళాశాలలుంటే, 2024 నాటికి అవి ముప్ఫై నాలుగయ్యాయి. పిల్లవాడు డాక్టరు కావాలంటే భూమి అమ్ముకోవాల్సి వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో నాకు తెలుసు. సిరిసిల్లలో ఏటా నూరు మంది ప్రభుత్వ ఫీజుతో చదువుతున్నారంటే అది చిన్న సంగతి కాదు. ఆ పని చేసినవాళ్లందరికీ మనం రుణపడి ఉన్నాం.

అయితే కళాశాలలు ఒకటి నుంచి ఎనిమిదైనంత వేగంగా అధ్యాపకులు తయారు కారు. అనాటమీ, ఫోరెన్సిక్ మెడిసిన్ లాంటి శాఖల్లో మనుషులు దొరకడమే గగనం. 2025లో రాష్ట్రంలోని చాలా ప్రభుత్వ వైద్య కళాశాలలకు జాతీయ వైద్య కమిషన్ నోటీసులు పంపింది. అధ్యాపకుల కొరత అందులో ముఖ్యమైన అంశం. ఈ కొరత అందరికీ కనిపిస్తుంది, పత్రికలు రాస్తాయి. దీని వెనక ఇంకో కొరత ఉంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

ఒక యువ డాక్టరు పీజీ పూర్తి చేస్తాడు. సీనియర్ రెసిడెన్సీ చేస్తాడు. ఒక సోమవారం పొద్దున అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరతాడు. నిన్నటి దాకా ఆపరేషన్ థియేటర్లో నిలబడినవాడు ఇవాళ నూరు మంది పిల్లల ముందు నిలబడాలి. పాఠం ఎట్లా చెప్పాలో, ప్రశ్నపత్రం ఎట్లా కూర్చాలో, తడబడే విద్యార్థిని ఎట్లా నిలబెట్టాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. తనకు పాఠం చెప్పినవాళ్లలో నచ్చినవాణ్ని తలుచుకుని అట్లాగే చెబుతాడు. బడిపంతులు కావాలంటే బీఎడ్ కావాలని మనకు తెలుసు. మనిషి ప్రాణం చేతికిచ్చే చదువు చెప్పేవాడికి ఆ మాత్రం తయారీ అక్కర్లేదని చాలాకాలం అనుకున్నాం.

ప్రపంచమంతా అట్లాగే అనుకుంది. 1950లలో అమెరికాలో బఫెలో విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ అనే వైద్యుడు, విద్యాశాస్త్రం చదివిన స్టీఫెన్ ఏబ్రహాంసన్‌ను కలుపుకుని, వైద్య అధ్యాపకులకు బోధన నేర్పడం మొదలుపెట్టాడు. విద్యార్థికి ‘తెలుసు’ అనడానికీ, వాడు నిజంగా ‘చేస్తాడు’ అనడానికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో 1990లో చూపించిందీ ఆయనే. మన దేశంలో 1976లో పాండిచ్చేరి జిప్మర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో జాతీయ అధ్యాపక శిక్షణ కేంద్రం పెట్టారు. మూడు దశాబ్దాల తర్వాత, 2009 నుంచి భారత వైద్య మండలి ప్రాంతీయ కేంద్రాల ద్వారా మూడు రోజుల ప్రాథమిక శిక్షణను దేశమంతటికీ తీసుకెళ్లింది. 2019లో సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చాక ఆ శిక్షణ అవసరం ఇంకా పెరిగింది.

ఆ మూడు రోజుల్లో అందరికీ గుర్తుండిపోయేది మైక్రో టీచింగ్. ప్రతి అధ్యాపకుడూ ఐదారు నిమిషాలు పాఠం చెప్పాలి. తోటి అధ్యాపకులు విద్యార్థుల్లా కూర్చుంటారు, చేతిలో ఒక చెక్‌లిస్టు ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా కత్తి పట్టిన సర్జన్లు అక్కడ చెమటలు పట్టి నిలబడటం చూశాను. పాఠం మొదట్లో ఉద్దేశం చెప్పారా? ఒక్క ప్రశ్నయినా అడిగారా? అడిగాక జవాబు కోసం ఆగారా, మీరే చెప్పేశారా? ఆఖరి ప్రశ్న దగ్గర దాదాపు అందరూ తప్పుతారు. అడిగి ఆగడం మనకు అలవాటు లేదు. పాతికేళ్ల ఉద్యోగంలో తన పాఠం గురించి ఇంకొకరు నోరు విప్పి చెప్పడం ఇదే మొదటిసారని ఒక పెద్దాయన అన్నారు. ఆ మాటలో ఎంత దిగులుందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ మూడు రోజులయ్యాక సర్టిఫికెట్ ఫైల్లోకి వెళుతుంది, ఆయన తన కళాశాలకు వెళతాడు. అక్కడ మళ్లీ ఆయన పాఠం వినే తోటివాడు ఉండడు.

నేర్పడమంటే నా మనసులో ఏముందో చెప్పడానికి ఒక వార్డులో చూసిన సంగతి చెబుతాను. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే యాభై దాటిన కార్మికుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. వేరే రాష్ట్రం నుంచి జాతీయ కోటాలో వచ్చిన పిల్లవాడు, కష్టపడి నేర్చుకున్న తెలుగులో, “ఆయాసం ఉందా?” అని అడిగాడు. లేదన్నాడు రోగి. పిల్లవాడు కాగితం మీద లేదని రాసుకున్నాడు. పక్కనే ఉన్న యువ అధ్యాపకురాలు ఆ కాగితం వైపు చూసి, “కాకా, దమ్మత్తాందా?” అంది. “అత్తాంది బిడ్డా. ఏడాది సంది. రాత్రి సాంచెల కాడ నిలవడితె ఇంకింత అయితది,” అన్నాడాయన.

ఆమె పిల్లవాణ్ని కోప్పడలేదు. నీకేమనిపిస్తోందని అడిగింది. ఆస్తమా అన్నాడు. ఎందుకనుకున్నావంది. ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయన్నాడు. విన్నది సరిగ్గానే విన్నావు, మరి టీబీ కాదని ఎట్లా తేల్చావు, కళ్లె పరీక్ష గురించి అడిగావా అంది. వాడు ఆలోచిస్తుంటే ఆమె ఆగింది. తర్వాత వాడంతట వాడే రోగి వైపు తిరిగి, బీడీ ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు, ఒళ్లు తగ్గిందా అని అడిగాడు. అప్పుడామె ఒక్క విషయం కలిపింది. మిల్లు కార్మికుడి ఊపిరితిత్తుల జబ్బు గురించి పుస్తకంలో చదివింది దూది దుమ్ముతో వచ్చేది, సిరిసిల్లలో ఎక్కువ సాంచెలు నడిచేది పాలిస్టర్ మీద, కాబట్టి ఏ నూలు నడుపుతున్నాడో కూడా అడగాలి అంది. ఇదంతా ఐదు నిమిషాలు పట్టలేదు. విద్యార్థి ఏమనుకుంటున్నాడో ముందు బయటికి తీయడం, కారణం అడగడం, ఒకే సూత్రం నేర్పడం, ఒప్పును ఒప్పని చెప్పి తప్పును సరిదిద్దడం అనే ఈ పద్ధతిని 1992లో అమెరికా కుటుంబ వైద్యులు క్రమబద్ధం చేశారు. ఓపీలో నూట యాభై మంది వరుసలో ఉన్నప్పుడు కూడా చేయగలిగిన బోధన ఇది. దీనికి భవనం అక్కర్లేదు, నేర్చుకున్న అధ్యాపకుడు కావాలి. ఆమె దీన్ని ఎక్కడ నేర్చుకుందని అడిగాను. తన శాఖాధిపతి రోజూ అట్లాగే అడుగుతారని చెప్పింది.

నాయకత్వమంటే నేను ఆ శాఖాధిపతినే తలుచుకుంటాను. మనం సాధారణంగా ప్రిన్సిపాల్ కుర్చీని, సూపరింటెండెంట్ గదిని నాయకత్వం అనుకుంటాం. అవి పరిపాలన. ఒక శాఖలో వారానికి ఒక గంటను పాఠం గురించి మాట్లాడుకోవడానికి కాపాడటం, కొత్తగా చేరినవాడి మొదటి క్లాసులో వెనక బెంచీలో కూర్చుని వినడం, తర్వాత నెమ్మదిగా చెప్పడం, అవసరమైతే తన పాఠం వినమని వాణ్నే పిలవడం నాయకత్వం. దీన్ని నేర్పే ప్రయత్నాలు దేశంలో జరిగాయి. వైద్య అధ్యాపకుల శిక్షణలో పనిచేసే ఫైమర్ సంస్థ ఆధ్వర్యంలో 2005లో ముంబయిలో, 2006లో లుధియానాలో, 2007లో కోయంబత్తూరులో ప్రాంతీయ ఫెలోషిప్‌లు మొదలయ్యాయి. వాటిలో చేరే ప్రతి అధ్యాపకుడూ తన కళాశాలలో ఒక మార్పును ఎంచుకుని దాన్ని చేసి చూపించాలి. పై అధికారిని ఒప్పించడం, తోటివాళ్లను కలుపుకోవడం, వచ్చిన ఫలితాన్ని నిజాయితీగా కొలవడం ఆ క్రమంలోనే అబ్బుతాయి.

మన చరిత్రలోనూ ఇట్లాంటి మనుషులున్నారు. 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాలకు 1880లలో ఎడ్వర్డ్ లారీ నాయకుడయ్యాడు. మత్తుమందుగా ఇచ్చే క్లోరోఫాం ప్రాణాలెందుకు తీస్తోందో తేల్చడానికి 1888లో, 1889లో ఆయన నడిపిన పరిశోధన సంఘాలను ప్రపంచ వైద్య పత్రికలు చర్చించాయి. హైదరాబాదు పేరు లండన్ దాకా వెళ్లింది. కానీ ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదన్న ఆయన తీర్మానం నిలవలేదు. క్లోరోఫాం గుండె లయనే చెదరగొట్టి ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. ఊపిరి మీద కన్నేసి ఉంచమని లారీ శిష్యులకు నేర్పిన క్రమశిక్షణ మాత్రం మత్తు వైద్యంలో ఈనాటికీ అవసరమే. అంత గొప్ప గురువుకు కూడా ఎదురు ప్రశ్న వేసే శిష్యుడు అవసరం. అడిగిన విద్యార్థిని కూర్చోబెట్టే శాఖలో ఆ శిష్యుడు పుట్టడు.

మనకు దగ్గరి కాలంలో కాకర్ల సుబ్బారావు గారున్నారు. ఉస్మానియాలో రేడియాలజీ చెప్పి, అమెరికా వెళ్లి అక్కడ స్థిరపడి, 1985లో ఎన్టీ రామారావు పిలిస్తే వచ్చి నిమ్స్ బాధ్యత తీసుకున్నారు. ఆయన్ను పరిపాలకుడిగా చాలామంది తలుచుకుంటారు. నాకు మాత్రం ఎక్స్‌రే చూపించి, “ఏం కనబడుతోంది, చెప్పు” అని పీజీల్ని నిలదీసే ఉపాధ్యాయుడే ముందు గుర్తొస్తారు. పెద్ద పదవిలో ఉండీ పాఠం చెప్పడం మానని మనిషి. ఆయన పేరున రేడియాలజీ విద్య కోసం ఏర్పడిన ట్రస్టు ఇప్పటికీ పని చేస్తోంది.

ఇక నియమాల సంగతి. 2025 మే 1 నుంచి అధ్యాపకుల హాజరు ముఖం గుర్తించే పద్ధతిలో నమోదవుతోంది. అధ్యాపకుడు వచ్చాడో లేదో అది చెబుతుంది. వచ్చి ఏం నేర్పాడో చెప్పదు. పదోన్నతికి పరిశోధన పత్రాలు లెక్కిస్తారు, శిక్షణ సర్టిఫికెట్లు చూస్తారు, బాగా పాఠం చెప్పినవాడికి ప్రత్యేకంగా ఒక్క మార్కూ లేదు. అదే ఏడాది వచ్చిన నిబంధనలతో 220 పడకలకు పైబడిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పదేళ్లు పనిచేసిన నిపుణులు అసోసియేట్ ప్రొఫెసర్లు కావచ్చు, రెండేళ్లు చేసినవాళ్లు అసిస్టెంట్ ప్రొఫెసర్లు కావచ్చు. కొత్త కళాశాలలకు ఇది ఊరట, నేను దీన్ని సమర్థిస్తాను. మన జిల్లా రోగుల్ని ఎరిగినవాళ్లు మన పిల్లలకు చెబుతారు. అయితే ఆ పదేళ్లూ వాళ్లు చేసింది వైద్యం. బోధన కొత్తగా నేర్చుకోవాల్సిందే, దానికి సమయమూ తోడూ మనమే ఇవ్వాలి. తనిఖీ వస్తుందనగానే ఒక కళాశాల నుంచి మరో కళాశాలకు డిప్యుటేషన్ మీద పంపి, తనిఖీ కాగానే వెనక్కి పిలిచే ఏర్పాట్లతో ఆ తోడు దొరకదు. రెండేళ్లు కూడా ఒకచోట నిలవని అధ్యాపకుడు ఏ విద్యార్థికీ గురువు కాలేడు.

తిప్పాపూర్‌లోని మన ఏరియా ఆసుపత్రి వంద పడకలది. ఆ నిబంధన దీనికి వర్తించదు. కానీ రాజన్న దర్శనానికి వచ్చే జనం, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కూలీలు, బీడీలు చుట్టే తల్లులు, సాంచెల కార్మికులు అందరూ వచ్చేది ఇక్కడికే. మోకీలు మార్పిడి ఆపరేషన్లు చేసిన పేరు కూడా ఈ ఆసుపత్రికి ఉంది. సిరిసిల్ల పది, పన్నెండు కిలోమీటర్ల దూరం. అక్కడి విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాల్ని దత్తత తీసుకుని చదువు సాగించే కార్యక్రమం 2022 నుంచే పాఠ్యప్రణాళికలో ఉంది. వాళ్లను ఇక్కడికి క్రమం తప్పకుండా పంపడానికీ, ఇక్కడి డాక్టర్లకు బోధన శిక్షణ ఇప్పించి వాళ్లను గౌరవ అధ్యాపకులుగా కలుపుకోవడానికీ అనుమతి తెచ్చుకోవడం అసాధ్యం కాదు.

ఈ స్మారక నిధిని ఏర్పాటు చేసిన కుటుంబానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది నుంచి ఈ నిధిలో సగాన్ని ఉపన్యాసానికి కాక, సిరిసిల్ల, వేములవాడల నుంచి ఒక యువ డాక్టరును బోధన శిక్షణకు పంపడానికి కేటాయించండి. తిరిగొచ్చాక ఆ డాక్టరు ఇక్కడి తోటివాళ్లకు వారానికొక గంట చొప్పున ఏడాది పాటు నేర్పాలని షరతు పెట్టండి. ప్రిన్సిపాల్ గారూ, సూపరింటెండెంట్ గారూ ఈ సభలోనే ఉన్నారు. ఆ గంటను కాపాడతామని మీరిద్దరూ ఈ రోజే మాట ఇవ్వాలని అడుగుతున్నాను.